పన్ను తీయించడం ఒక ఎత్తు, ఎప్పుడన్నది ఒక ఎత్తు

"డాక్టరుగారూ! మా అమ్మాయికి పళ్ళు ఎత్తుగా వున్నాయని డెంటిస్టుకు చూపిస్తే, నాలుగు పళ్ళు తీసి క్లిప్పు వేయాలన్నారు. పుచ్చు లేదు, నొప్పి లేదు. నిక్షేపంలాంటి పళ్ళండీ! తీయించమంటారా?"

ఈ ప్రశ్న నన్ను తరచుగా ఎవరో ఒకరు అడుగుతూనే వుంటారు. నేను దంతవైద్యుణ్ణి కాను. ప్రభుత్వాసుపత్రిలో జ్వరాలూ, దగ్గులూ, రక్తపోటూ, మధుమేహమూ చూసుకునే మామూలు డాక్టరును. కాని మన ఇళ్ళలో ఏ సమస్య వచ్చినా ముందు ఎరిగున్న డాక్టరును ఒక మాట అడిగి, ఆ తరువాతే పెద్ద డాక్టరు దగ్గరకు వెళ్ళే అలవాటు వుంది గదా! అందువల్ల ఈ పళ్ళ సంగతులు కూడా నేను చదివి, దంతవైద్యులైన మిత్రులను అడిగి తెలుసుకోక తప్పలేదు.

ఇందులో నేను గమనించిన విషయం ఒకటుంది. అందరూ "తీయించాలా, వద్దా?" అనే అడుగుతారు. "ఎప్పుడు తీయించాలి?" అని అడిగేవాళ్ళు చాలా తక్కువ. పన్ను తీయడం అరగంట పని, ఎప్పుడైనా తీయించుకోవచ్చు, పిల్లకు పరీక్షలు అయ్యాక వేసవి సెలవుల్లో చూద్దాం అనుకుంటారు. పుచ్చిపోయి నొప్పి పెడుతున్న పన్ను సంగతి వేరు. పళ్ళ వరుస సరిచేయడానికి తీసే పన్ను విషయంలో మాత్రం తేదీ కూడా వైద్యంలో భాగమే. ముందు తీసినా నష్టమే, తీసి వూరుకున్నా నష్టమే. కొందరు పిల్లల్లో తీయవలసిన వయసులో తీయకపోయినా నష్టమే.

చోటు చాలకపోతే

ముగ్గురు కూర్చునే బస్సు సీట్లో నలుగురు కూర్చున్నారనుకోండి. ఒకరు ముందుకు జరుగుతారు, ఒకరు పక్కకు తిరిగి కూర్చుంటారు, ఒకరు సగం బయటికి వుంటారు. దవడ ఎముక చిన్నదై, పళ్ళు పెద్దవైనప్పుడు నోట్లో జరిగేది కూడా ఇదే. పన్ను మీద పన్ను రావడం, కోరపన్ను పైకెక్కి వుండడం, ముందు పళ్ళు పెదవిని నెట్టుకుని బయటికి రావడం అన్నీ చోటు చాలకపోవడంలో రకాలే. పళ్ళ మధ్య సందు వుంటే అదృష్టమంటారు, పన్ను మీద పన్ను వున్నా అదృష్టమనేవాళ్ళున్నారు. అదృష్టం మాటెలా వున్నా, ఆ సందుల్లో బ్రష్షు దూరదు. పాచి పేరుకుని పుచ్చు పడుతుంది, చిగుళ్ళు వాస్తాయి. ఎత్తుపళ్ళ పిల్లవాడు ఆటల్లో బోర్లా పడితే మొదట విరిగేవి ఆ పళ్ళే.

చోటు సంపాదించడానికి దారులు కొన్నే వున్నాయి. దవడ వరుసను కాస్త వెడల్పు చేయడం, వెనక పళ్ళను వెనక్కి నెట్టడం, పళ్ళ పక్కలను పలచగా అరగదీయడం. ఇవి చాలనప్పుడు కొన్ని పళ్ళు తీసేయడం. సాధారణంగా తీసేది కోరపన్నుకు వెనకనే వుండే చిన్న దవడపన్నును. డెంటిస్టులు దీన్ని ప్రీమోలారు అంటారు. దీని వెడల్పు సుమారు 7 మిల్లీమీటర్లు. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి తీస్తే ఆ దవడలో దాదాపు 14 మిల్లీమీటర్ల చోటు దొరుకుతుంది. పిల్లలు నవ్వినప్పుడు ఆ లోటు కనపడదు. నమలడానికి దాని పక్కనే అలాంటిదే ఇంకొకటి వుంటుంది.

మంచి పళ్ళు తీయడమేమిటన్న సందేహం మీకే కాదు, ఆ శాస్త్రానికి ఆద్యుడైన ఎడ్వర్డ్ ఆంగిల్‌కే వుండేది. ఈ అమెరికన్ దంతవైద్యుడు పళ్ళన్నీ వుండితీరాలని పట్టుబట్టాడు. కాల్విన్ కేస్ అనే మరొక దంతవైద్యుడు కాదన్నాడు. 1911లో ఆ దేశంలో దీనిమీద పెద్ద వాదమే జరిగింది. చివరికి ఆంగిల్ శిష్యుడే అయిన చార్లెస్ ట్వీడ్, పళ్ళు తీయకుండా తాను సరిచేసిన వరుసలు చాలా మందిలో మళ్ళీ చెడిపోవడం చూసి, చిన్న దవడపళ్ళు తీసి వైద్యం మొదటినుంచి చేశాడు. 1940ల్లో ఆయన ఫలితాలు చూపించిన తరువాత గాలి అటు తిరిగింది. ఇప్పుడు మళ్ళీ వీలైనంతవరకు తీయకుండా చేద్దామనే ధోరణి వుంది. ఎవరికి తీయాలి, ఎవరికి వద్దు అన్నది ఎక్స్‌రేలు తీసి, పళ్ళ అచ్చులు తీసుకుని, కొలతలు వేసి ఆర్థోడాంటిస్టు చెప్పాలి. పక్కింటి పిల్లకు నాలుగు తీశారని మన పిల్లకు తీయరు, పక్కింటి పిల్లకు తీయలేదని మన పిల్లకు మానరు.

పన్ను ఎలా కదులుతుంది?

ఇది తెలిస్తే తేదీ సంగతి దానంతటదే బోధపడుతుంది. గోడలో మేకు దిగినట్టు పన్ను ఎముకలో దిగి వుండదు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య పలచటి నారపొర ఒకటుంది. మందం మిల్లీమీటరులో అయిదో వంతు వుంటుందేమో. పంటికి తీగ బిగించి మెల్లగా లాగితే, పన్ను పోయే వైపున ఆ పొర నొక్కుకుపోతుంది, వెనకవైపున సాగుతుంది. నొక్కుడు పడిన వైపున ఎముకను తినేసే కణాలు చేరి దారి చేస్తాయి. సాగిన వైపున కొత్త ఎముకను కట్టే కణాలు చేరి ఖాళీని పూడుస్తాయి. స్వీడన్‌కు చెందిన సాండ్‌స్టెట్ అనే ఆయన 1904 ప్రాంతంలోనే కుక్కల పళ్ళ మీద పరీక్షించి ఈ సంగతి చూపించాడు. అంటే పన్ను ఎముకను చీల్చుకుంటూ పోదు. ఎముకే ముందు కరిగి, వెనక పెరిగి పన్నును జరుపుతుంది.

ఈ పనికి టైము పడుతుంది. నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరిగితే బాగా జరిగినట్టే లెక్క. 7 మిల్లీమీటర్ల ఖాళీ మూయాలంటే ఎన్ని నెలలో మీరే లెక్కవేసుకోండి. ఇంకాస్త గట్టిగా బిగించమని డాక్టరును తొందర పెట్టే తల్లిదండ్రులున్నారు. గట్టిగా బిగిస్తే ఆ నారపొరలో రక్తప్రసారం ఆగిపోయి, పన్ను కదలకుండా కొన్నాళ్ళు మొండికేస్తుంది. పైగా వేళ్ళు కొనల దగ్గర అరిగిపోయే ప్రమాదం వుంది.

తీసిన గుంటలో ఏం జరుగుతుంది?

పన్ను తీసిన వెంటనే గుంటలో నెత్తురు గడ్డ కడుతుంది. ఆ గడ్డే మందు, దాన్ని కదపకూడదు. వారం రోజుల్లో దాని స్థానంలో మెత్తటి కండ వస్తుంది. నెలా, రెండు నెలలు తిరిగేసరికి గుంటలో లేత ఎముక అల్లుకుంటుంది. లేత ఎముక అంటే మెత్తనిది, నెత్తురు బాగా పారేది. ఆ తరువాత నెలలు గడిచేకొద్దీ అది ముదిరి గట్టిపడుతుంది.

గాయపడిన చోట ఎముక మామూలు కంటే చురుగ్గా కరిగి పెరుగుతుందని 1983లో హెరాల్డ్ ఫ్రాస్ట్ అనే అమెరికన్ ఎముకల డాక్టరు వివరించాడు. ఆయన చెప్పింది శరీరంలోని ఎముకలన్నిటి గురించీ. దవడ ఎముక కూడా దానికి మినహాయింపు కాదు. పన్ను తీసిన తొలి నెలల్లో ఆ చుట్టుపక్కల ఈ చురుకుదనం వుంటుంది. ఆ సమయంలో పక్కపన్నును అటు లాగితే దారి సులువవుతుంది.

1997లో ఐరోపాలో ఒక చిన్న పరిశీలన ప్రచురించారు. ఒకే మనిషి నోట్లో ఒకవైపు చిన్న దవడపన్నును కొన్ని వారాల ముందుగా తీసి గుంట మాననిచ్చారు. రెండవవైపు కోరపన్నును లాగడం మొదలుపెట్టేటప్పుడే తీశారు. అప్పుడే తీసిన వైపున కోరపన్ను త్వరగా జరిగింది. కాని అటువైపు పన్ను కాస్త ఎక్కువ ఒరిగింది కూడా. ఒరిగిన పన్నును మళ్ళీ నిలబెట్టడానికి మరికొన్నాళ్ళు పడుతుంది. కాబట్టి 'వెంటనే మొదలుపెడితే సగం రోజుల్లో అయిపోతుంది' అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. లాభం వుంది, అది కొద్దిపాటిదే.

ఆలస్యం వల్ల వచ్చే నష్టం మాత్రం కొద్దిపాటిది కాదు. పన్ను లేని ఎముక వాడకం లేని ఇల్లులాంటిది, కుంగిపోతుంది. 2003లో ప్రచురించిన ఒక పరిశోధనలో పన్ను తీసిన చోట ఎముక గట్టు వెడల్పు ఏడాదిలో సుమారు సగానికి సగం తగ్గిందని తేలింది. ఆ తగ్గుదలలో మూడింట రెండు వంతులు మొదటి మూడు నెలల్లోనే జరిగిపోయింది. అంటే రెండు పక్కలా వెడల్పుగా వుండి, మధ్యలో డమరుకం నడుములా సన్నబడుతుందన్నమాట. ఆ నడుము గుండా ఇప్పుడు లావాటి పంటివేరును నడిపించాలి. వేరుకు రెండువైపులా ఎముక చాలదు. పన్ను నెమ్మదిగా కదులుతుంది, ఒక్కోసారి చిగురు దిగి వేరు బయటపడుతుంది. కొందరిలో అక్కడ చిగురు మడతపడి, మూసుకున్న సందు మళ్ళీ తెరుచుకుంటుంది.

రెండో నష్టం పొరుగువాళ్ళ వల్ల. ఖాళీ స్థలం కనబడితే ఆక్రమించుకోవడం మనుషులకే కాదు, పళ్ళకూ అలవాటే. వెనకాల పెద్ద దవడపన్ను ముందుకు ఒరుగుతుంది. దేనికోసం నిక్షేపంలాంటి పన్ను తీయించారో ఆ చోటును ఈ పన్ను మింగేస్తుంది. ముందు పళ్ళు వెనక్కి పోవడానికి ఇక చోటు మిగలదు.

ఒక బడిపంతులుగారి అనుభవం చెబుతాను. ఆయన కూతురికి పద్నాలుగేళ్ళు. ఎత్తుపళ్ళు. పళ్ళు తీయించాలని ఎక్కడో విన్నారు. మే నెలలో దగ్గర్లో వున్న ఒకరిచేత పై దవడలో రెండు, కింది దవడలో రెండు పళ్ళు తీయించేశారు. క్లిప్పుకు డబ్బు సమకూరాక వెళదామనుకున్నారు. చీటీ పాట పాడేసరికి మరుసటి మార్చి వచ్చింది. ఆర్థోడాంటిస్టు చూసి, వెనక పళ్ళు ముందుకు ఒరిగి చోటు సగం పోయిందనీ, ముందు వాటిని నిలబెట్టి వెనక్కి జరిపితేగాని అసలు వైద్యం మొదలుకాదనీ చెప్పారు. ఏడాదిన్నరలో అయ్యే పని మూడేళ్ళు నడిచింది. ఎముకలోకి చిన్న మరలు బిగించి పళ్ళను వెనక్కి లాగవలసి వచ్చింది, ఆ ఖర్చు అదనం. ఆ పిల్ల పళ్ళు చివరికి బాగానే కుదిరాయి. "తొందరపడి తీయించానా, ఆలస్యంగా తీసుకువచ్చానా డాక్టరుగారూ?" అని ఆయన నన్ను అడిగారు. రెండూ అని చెప్పవలసి వచ్చింది.

అందుచేత వరుస క్రమం ఇదీ: ముందు ఆర్థోడాంటిస్టును కలవాలి. కొలతలు, ఎక్స్‌రేలు, ప్రణాళిక, ఖర్చు ఎంత, వాయిదాలు ఎలా అన్నీ తేలాలి. అప్పుడు పన్ను తీయించాలి. తీసిన కొద్ది వారాల్లోపల తీగలు పడాలి. కొందరు డాక్టర్లు ముందే తీగలు బిగించి, పది పదిహేను రోజులకు పళ్ళు తీయమని చీటీ రాస్తారు. పిల్లలు పళ్ళు పీకించుకుని భయపడి మళ్ళీ రాకుండా పోయే గొడవ దీనిలో వుండదు. చోటూ పోదు.

అలా అని ఆలస్యమైనప్పుడల్లా డాక్టరును అనుమానించకండి. పన్ను తీయాలా వద్దా అన్నది రెండు పక్షాలా సమానంగా వున్నప్పుడు, ముందు కొన్ని నెలలు తీగలు వేసి, పళ్ళు సర్దుకునే తీరు చూసి అప్పుడు తేలుస్తారు. తీసిన పన్ను మళ్ళీ రాదు గదా, ఇది మంచి జాగ్రత్తే. ఎదిగే పిల్లల్లో ముందు పళ్ళు బాగా ఇరుకుగా వుంటే, చిన్న దవడపళ్ళు తీసి కొన్ని నెలలు కావాలనే ఆగుతారు. ఇరుకున పడిన పళ్ళు వాటంతటవే కొంత సర్దుకుంటాయి. అయితే ఆ నెలల్లో వెనక పళ్ళు ముందుకు రాకుండా తీగతో కట్టుదిట్టం చేస్తారు, పిల్లవాణ్ణి పిలిపించి చూస్తూ వుంటారు. డాక్టరు కళ్ళ ముందు ఆగడం వేరు, మనం ఇంట్లో కూర్చుని ఆగడం వేరు.

చిగుళ్ళ వ్యాధి వున్న పెద్దవాళ్ళు ముందు దాన్ని నయం చేసుకోవాలి. వాచి చీముపట్టిన చిగుళ్ళలో పన్ను జరిపితే పన్నే వూడి చేతికొస్తుంది.

చిన్నపిల్లల విషయంలో

పెద్దల పళ్ళ విషయంలో వారాలు, నెలలు లెక్క. పిల్లల విషయంలో ఏళ్ళు లెక్క. ఇక్కడే మన ఇళ్ళలో ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి.

పాలపళ్ళు ఇరవై. "ఎలాగూ వూడిపోయేవే గదా" అని పుచ్చిన పాల దవడపళ్ళను పీకించేస్తుంటారు. వూడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదకు విసిరేసి మరిచిపోతాం. కాని ఆ పన్ను కింద రాబోయే పన్నుకు చోటు అట్టేపెట్టి వుంచుతున్నదన్న సంగతి మనకు తట్టదు. అయిదారేళ్ళకే చివరి పాల దవడపన్ను పోతే, దాని వెనక వచ్చే పెద్ద పన్ను ముందుకు జరిగి దారి మూసేస్తుంది. పదకొండేళ్ళకు రావలసిన పన్ను ఎముకలోనే చిక్కుకుంటుంది, లేదా పక్కదారిన వస్తుంది. పాలపన్ను పుచ్చితే వీలైనంతవరకు సిమెంటు పెట్టించి నిలబెట్టాలి. తీయక తప్పకపోతే, ఆ చోటు పోకుండా చిన్న తీగ చట్రం ఒకటి వేస్తారు, దాన్ని అడిగి వేయించుకోండి.

ఇకపోతే, ఆరేళ్ళకు వచ్చే పెద్ద దవడపన్ను. అమ్మలు ఈ పేరా రెండుసార్లు చదవాలని నా మనవి. ఈ పన్ను ఏ పాలపన్నూ వూడకుండానే, పాలపళ్ళ వరుసకు చివర వెనకాల నిశ్శబ్దంగా వచ్చేస్తుంది. వూడలేదు గనుక ఇదీ పాలపన్నే అనుకుంటారు. పుచ్చితే పట్టించుకోరు. ఎనిమిదేళ్ళకు చెక్కలు రాలిపోతుంటే, "పాలపన్నే గదండీ, పీకేయండి" అంటారు. అది జీవితాంతం వుండవలసిన పన్ను! వచ్చీరాగానే దాని గాడులను పూత వేసి మూయిస్తే పుచ్చకుండా కాపాడుకోవచ్చు.

ఒకవేళ అది బాగుచేయడానికి వీలులేనంతగా పాడైపోతే, అప్పుడు కూడా తేదీ ముఖ్యం. సుమారు ఎనిమిది, పదేళ్ళ మధ్య, దాని వెనక పన్ను వేళ్ళు అప్పుడే చీలడం మొదలుపెట్టిన దశలో తీస్తే, ఆ వెనక పన్ను ముందుకు వచ్చి ఈ చోట్లో నిలబడే అవకాశం బాగా వుంది. పన్నెండేళ్ళకు రావలసినదే ముందటి గది ఆక్రమించుకుంటుందన్నమాట. మరీ ముందు తీస్తే ముందున్న చిన్న దవడపన్ను వెనక్కి జారుతుంది. పదకొండు, పన్నెండేళ్ళు దాటాక తీస్తే వెనక పన్ను నిటారుగా రాక ఒరిగిపోతుంది, మధ్యలో అన్నం ఇరుక్కునే సందు మిగులుతుంది. ఈ ఇబ్బంది కింది దవడలో ఎక్కువ, పై దవడలో తక్కువ. ఇంకొక మెలిక కూడా వుంది. పిల్లవాడికి ఎలాగూ వరుస సరిచేయాలి, చోటు కావాలి అనుకుంటే, ఆ పాడైన పన్నును తాత్కాలికంగా సిమెంటుతో నిలబెట్టి, వెనక పన్ను పైకి వచ్చాక తీసి, ఆ చోటునే వాడుకుంటారు. అందుకే ఎనిమిదేళ్ళ పిల్లవాడి పెద్ద దవడపన్ను తీయమని ఎవరైనా అంటే, నొప్పికి మందు తీసుకుని, ఎక్స్‌రే తీయించి, ఒక్కసారి ఆర్థోడాంటిస్టుకో, పిల్లల దంతవైద్యుడికో చూపించాక తీయించండి.

కోరపన్ను సంగతి మరీ విచిత్రం. పై కోరపన్ను పుట్టేది కంటి కిందికి దగ్గరగా, చాలా ఎత్తున. అక్కణ్ణుంచి దిగివచ్చేసరికి పదకొండు, పన్నెండేళ్ళవుతుంది. ఇంత దూరం ప్రయాణంలో కొందరికి దారి తప్పి అంగిలి వైపుకు పోతుంది. దీన్ని ఇంట్లోనే అనుమానించవచ్చు. పిల్లకు పదేళ్ళు నిండాక, చేతులు కడుక్కుని, పాల కోరపన్నుకు పైన చిగురు మీద వేలు ఆనించి చూడండి. రెండువైపులా చిన్న వుబ్బు తగలాలి. ఒకవైపు తగిలి, రెండోవైపు తగలకపోతే ఎక్స్‌రే తీయించాలి. దారి తప్పుతోందని తేలితే, డాక్టరు ఆ పాల కోరపన్నును తీసేస్తారు. 1988లో స్వీడన్‌లో ఎరిక్సన్, కూరోల్ అనే వైద్యులు ఇలాంటి 46 కోరపళ్ళ విషయంలో పాలపన్ను తీసి చూడగా, 36 వాటంతటవే దారికి వచ్చాయి. ఆ దేశంలోనే 2015లో, తీసిన వైపునూ తీయని వైపునూ పోల్చి చూశారు. తీసిన చోట నూటికి 69, తీయని చోట నూటికి 39 పళ్ళు బయటికి వచ్చాయి. ఒక్క పాలపన్ను సకాలంలో తీయడం వల్ల, ఆ తరువాత చిగురు కోసి, పంటికి గొలుసు కట్టి నెలల తరబడి లాగే పని చాలామందికి తప్పుతుందన్నమాట. పద్నాలుగు, పదిహేనేళ్ళకు వెళితే ఈ చిట్కా పెద్దగా పనిచేయదు.

దవడ మరీ ఇరుకైన పిల్లల్లో ఎనిమిది తొమ్మిదేళ్ళకు పాల కోరపళ్ళు, తరువాత పాల దవడపళ్ళు, ఆ తరువాత చిన్న దవడపళ్ళు ఒక క్రమంలో తీసుకుంటూ వచ్చే పద్ధతి ఒకటుంది. అది అనుభవజ్ఞుల పర్యవేక్షణలో, నాలుగేళ్ళు క్రమం తప్పకుండా వెళ్ళగలిగినవాళ్ళకే. మధ్యలో మానేసేటట్టయితే మొదలుపెట్టకపోవడం మేలు.

జ్ఞానదంతాల గురించి కూడా అడుగుతుంటారు. అవి నెట్టడం వల్లనే ముందు పళ్ళు వంకర పోతాయని వాటిని ముందే పీకించేస్తుంటారు. దీనికి గట్టి ఆధారం లేదు. వాటివల్ల చీము, నొప్పి వుంటే తీయించాలి గాని, ముందు పళ్ళ కోసం తీయించనక్కరలేదు.

తీయించే ముందు, తీయించాక

నా వృత్తికి సంబంధించిన మాట ఇది. పన్ను తీసే డాక్టరుకు మీ ఒంటి సంగతులు దాచకండి. గుండె కవాటం మార్పించుకున్నవాళ్ళు, పుట్టుకతో గుండెజబ్బు వున్న పిల్లలు, కీళ్ళవాతం జ్వరం వల్ల కవాటం చెడినవాళ్ళు ముందుగా గుండె డాక్టరును అడగాలి. కొందరికి పన్ను తీసే ముందు యాంటీబయాటిక్ ఇవ్వవలసి వుంటుంది. చిన్న దెబ్బకే నెత్తురు ఆగని పిల్లలకు రక్తపరీక్ష చేయించాలి. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళు తమంతట తాము వాటిని ఆపకూడదు, రాసిన డాక్టరునే అడగాలి. ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే బిస్‌ఫాస్ఫొనేట్ మందులు వాడుతున్న పెద్దవాళ్ళు తప్పనిసరిగా చెప్పాలి. ఆ మందులు ఎముక కరగడాన్ని ఆపుతాయి, కాబట్టి పన్ను కదలడమూ కష్టమే, గుంట మానడమూ కష్టమే. షుగరు అదుపులో లేనివాళ్ళు ముందు అదుపులోకి తెచ్చుకోవాలి.

తీసిన తరువాత ఇచ్చిన దూదిని అరగంట కదపకుండా కరిచిపెట్టి వుంచాలి. ఆ రోజంతా వుమ్మి వూయడం, పుక్కిలించడం, స్ట్రాతో పీల్చడం పనికిరాదు, గడ్డ వూడిపోతుంది. బీడీ, సిగరెట్టు, ఖైనీ అసలే వద్దు. గుంటలో పసుపో, పొడుమో కూరే ముసలమ్మల వైద్యానికి దండం పెట్టి వద్దనండి. మర్నాటి నుంచి గోరువెచ్చటి వుప్పునీళ్ళు పట్టి మెల్లగా వదిలేస్తే చాలు. మూడో రోజో నాలుగో రోజో తగ్గవలసిన నొప్పి పెరిగి చెవిదాకా పాకితే, ఓర్చుకుంటూ కూర్చోకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

పై పన్ను తీయిస్తే కళ్ళు దెబ్బతింటాయన్న భయం మన వాళ్ళలో బలంగా వుంది. పంటి నరమూ చూపు నరమూ వేరువేరు. ఇన్నేళ్ళ నా సర్వీసులో పన్ను తీయించుకుని చూపు పోయినవాళ్ళను నేను చూడలేదు. పుచ్చుపన్ను చీమును నెలల తరబడి దాచుకుని ముఖమంతా వాపుతో వచ్చినవాళ్ళను మాత్రం చాలామందిని చూశాను.

పెళ్ళీడు పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. మాఘంలో ముహూర్తం పెట్టుకుని దసరాకు పళ్ళు సరిచేయించమంటే ఎవరివల్లా కాదు. పళ్ళు తీసి చేసే వైద్యానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుంది. తీగలు విప్పాక కూడా పళ్ళు వెనక్కి పోకుండా ఇంకో చట్రం పెట్టుకోవాలి. కంటికి కనపడని పారదర్శకపు తొడుగులు ఇప్పుడు వచ్చాయి గాని, వాటితోనూ ఎముక కదిలే వేగం అంతే. ఖర్చు భరించలేనివాళ్ళు హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ, కడపలోనూ వున్న ప్రభుత్వ దంతవైద్య కళాశాలల్లో అడగవచ్చు. అక్కడ రద్దీ ఎక్కువ, మీ వంతు రావడానికి ఆలస్యం కావచ్చు. కాబట్టి పేరు నమోదు చేయించుకుని, పిలుపు వచ్చేదాకా బయట ఎక్కడా పళ్ళు తీయించకుండా ఆగండి.

చివరగా చీటీ సంగతి. చాలాచోట్ల క్లిప్పు వేసే డాక్టరు ఒకరు, పన్ను తీసే డాక్టరు ఒకరు. మధ్యలో చీటీ వెళుతుంది. దానిమీద 14, 24, 34, 44 అని అంకెలు వుంటాయి. మొదటి అంకె నోట్లో ఏ మూలో చెబుతుంది, రెండో అంకె నట్టనడుమ నుంచి ఎన్నో పన్నో చెబుతుంది. 14 అంటే పైన కుడివైపున నాలుగోది. పక్కనే వున్న అయిదో పన్ను చూడడానికి అచ్చం దానిలాగే వుంటుంది, పొరపాటు జరిగే వీలుంది. పాలపళ్ళు ఇంకా వుంటే లెక్క మరీ తికమక. కాబట్టి చీటీ ఇచ్చేటప్పుడే అంకె పక్కన పన్ను పేరు కూడా రాయించుకోండి, ఎక్స్‌రే వెంట తీసుకువెళ్ళండి. మత్తు సూది వేయకముందే అమ్మాయి చేతికి అద్దం ఇచ్చి, తీయబోయే పన్ను ఏదో వేలు పెట్టి చూపించమని డాక్టరుగారిని అడగండి. మంచి డాక్టరు ఎవరూ దీనికి కోపం తెచ్చుకోరు.